చోటు చూసే ఇంటి పిల్ల

చింతలరేవు
9 జనవరి 1999

కుళ్ళాయప్ప మామకు ప్రసూన నమస్కారాలు.

అమ్మకు వేరే ఉత్తరం రాశాను. దాన్ని కూడా నీ చేతికే ఇచ్చి చదివించుకుంటుందని తెలుసు కాబట్టి ఇది నీకు ప్రత్యేకం. చదివి జేబులో పెట్టుకో. బస్టాండు టీ బంకు దగ్గర గట్టిగా చదవొద్దు.

ఉద్యోగంలో చేరాను. నీళ్ళలో బతికే జీవాల మీద ఎమ్మెస్సీ చదివి ఏం చేస్తావు, మన పెన్నలో నీళ్ళే లేవు కదా అని నవ్వేవాడివి. ఇదిగో, ఇది చేస్తున్నాను. ఇక్కడ ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఆ మొగలో ఇసుక మేట వేసి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోతున్నాయి. రేవు కంపెనీ వాళ్ళు అడుగు తవ్వి ఓడలకు లోతైన దారి చేయాలనుకుంటున్నారు. తవ్వితే నీళ్ళకూ చేపలకూ ఒడ్డునున్న ఊళ్ళకూ ఏమవుతుందో ముందే చూసి చెప్పాలని ప్రభుత్వం రూలు. ఆ పరిశీలన మా సంస్థకు వచ్చింది. అందులో ఏటి అడుగు చూసే పని నాది. పడవలో పోయి, ఇనుప దోసిలి లాంటిదాన్ని తాడుతో కిందికి వదిలి, బురద పైకి లాగి, జల్లెడ పట్టి, అందులో బతుకుతున్న పురుగులనూ గుల్లలనూ చూస్తాను. ఏడాది పొడుగునా చూశాక, తవ్వొచ్చా కూడదా, తవ్వితే ఎక్కడ, ఏ నెలల్లో, తీసిన బురద ఎక్కడ పోయాలి, ఇవన్నీ రాయాలి.

మామా, ఈ ఏరు రోజూ నిండుగానే ఉంటుంది. మన ఊళ్ళో ఏరొచ్చిందంటే బడి వదిలేసి వంతెన మీదికి పరిగెత్తేవాళ్ళం, అత్త పసుపు కుంకుమ పట్టుకుని వెనకాలే వచ్చేది. ఇక్కడ ఒక్కరూ తల తిప్పి చూడరు. మొదటి వారం నేను ఒడ్డున నిలబడి అట్లాగే చూస్తుంటే ఒక పెద్దాయన వచ్చి, ఏమైనా పారేసుకున్నావా అమ్మా అని అడిగాడు.

గంగక్క అత్తను అడిగానని చెప్పు.

నీ ప్రసూన


పామిడి
21 జనవరి 1999

మేనకోడలు ప్రసూనను దీవించి కుళ్ళాయప్ప రాసేది.

గట్టిగా చదవొద్దన్నావు, మెల్లగానే చదివాను. టీ బంకు దగ్గర కూర్చునేవాళ్ళకు చెవులు బాగా పనిచేస్తాయి, దానికి నేనేం చేసేది.

నీ ఉత్తరంలో నాకు అర్థమైంది ఒకటే. నువ్వు మన ఇంటి పనిలోకే వచ్చావు. పిలిచిన చోటికి పోవడం, నేల చూడడం, తవ్వు అనో వద్దు అనో చెప్పడం. మా నాయనను కన్న అబ్బ చేసింది అదే, మా నాయన చేసింది అదే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఈ చుట్టుపక్కల చేలల్లో బోర్లకు నేను చోటు చూపిస్తున్నదీ అదే. నా కొడుకు ఆంజికి ఇందులో మనసు లేదు, ట్రాక్టరు ట్రాక్టరు అంటాడు. ఈ విద్య నాతోనే పోతుందని దిగులు పడేవాణ్ణి. అది చీర కట్టుకుని సముద్రం దాకా పోయిందని ఇప్పుడు తెలిసింది.

బంకు దగ్గర కదిరప్ప ఎగతాళి చేయబోయాడు. "ఏమప్పా కుళ్ళాయప్పా, మీ కోడలు సముద్రానికే చోటు చూపిస్తాండాదంట. ఆడ గూడా నీళ్ళు తక్కువైనాయా?" అన్నాడు. "నీళ్ళు గాదప్పా, ఓడలకు దారి చూపిస్తాండాది. నీ కొడుకు యాడికి దారి చూపిస్తాండాడో చెప్పు" అన్నాను.

నీకు పని కొత్త కాబట్టి రెండు మాటలు చెబుతాను. చోటు చూపమని పిలిచినవాళ్ళ ఇంట్లో మాట తేలేదాకా చేయి కడగకూడదు. అన్నమే కాదు, మజ్జిగ కూడా పుచ్చుకోకూడదు. మా నాయన విడపనకల్లు దాకా నడిచిపోయి, చోటు చూపి, సద్దిమూట విప్పుకుని చెట్టు కింద తిని తిరిగొచ్చేవాడు. నీళ్ళు పడ్డాకనే ఆ ఇంటి గడప తొక్కేవాడు. రెండోది, మాట ఆ నేల మీదనే, చెప్పులు విడిచి, ఆసామి మొహం చూసి చెప్పాలి. ఇంటికి పోయి కబురు పంపకూడదు.

ఇంతకూ మీరు టెంకాయ పట్టుకుంటారా, వేప పంగలకొమ్మ పట్టుకుంటారా? అది రాయలేదు.

మీసం మెలేసి తిరుగుతున్న
మీ మామ కుళ్ళాయప్ప


చింతలరేవు
14 ఫిబ్రవరి 1999

మామా,

నీ ఉత్తరం విని మా ఆఫీసంతా నవ్వింది. భోజనాల బల్ల దగ్గర నేనే చదివి వినిపించాను. మా పెద్ద ఆఫీసరు శ్రీకాంత్ గారు, "మీ మామగారిని మన బృందంలో వేసుకుందాం, టెంకాయల ఖర్చు కంపెనీదే" అన్నారు.

మేం టెంకాయా పట్టుకోము, కొమ్మా పట్టుకోము. ఇది సైన్సు మామా. బురద చూసి, ఉప్పు కొలిచి, ఆటుపోట్లు చూసి చెప్పేది. ఎవరు చూసినా అదే రావాలి. నీ పని మీద నాకు గౌరవం లేక కాదు గానీ, టెంకాయ లేచి నిలబడ్డ చోట నీళ్ళు పడడం సగం అదృష్టమే. ఆ రెండూ ఒకటని ఊరంతా చెప్పుకుంటూ తిరగొద్దు.

భోజనం సంగతికొస్తే దిగులు పెట్టుకోకు. మేమంతా కంపెనీ అతిథిగృహంలోనే ఉంటున్నాం. వంటమనిషి బంగారం. నిన్న చింతచిగురు వేసి రొయ్యలు వండాడు. సంగటి లేదన్న బెంగ తప్ప నాకే లోటూ లేదు. కొంచెం ఒళ్ళు కూడా చేశాను.

ప్రసూన


పామిడి
2 మార్చి 1999

ప్రసూనకు,

ఉత్తరం అందింది. మీ అమ్మ హనుమక్క కులాసా. మీ అత్త కులాసా. ఎండలు మొదలైనాయి.

నేను నీకొక్కదానికి రాసిన ఉత్తరం వాళ్ళ బల్ల మీద, వాళ్ళ రొయ్యలు తింటూ, వాళ్ళకు చదివి వినిపించావు. సరే, నీ ఇష్టం. నేను చూపిన చోట ఎండిపోయిన బోర్లు ఉన్నాయి, కాదనను. ఈ ఏడు ఇంకా ఎండుతాయి. సగం అదృష్టమంటే పడతాను. కానీ కుళ్ళాయప్ప తిని చెప్పినాడు అని ఈ తాలూకాలో అన్నవాడు లేడు.

నువ్వు తింటున్నావు కాబట్టి ఏం చెబుతావో నాకు తెలిసిపోయింది. ఏడాది పొడుగునా బురద పిసుక్కోవడం దేనికి, ఇప్పుడే రాసిచ్చి వచ్చేయి.

కుళ్ళాయప్ప


చింతలరేవు
20 సెప్టెంబర్ 1999

మామకు,

ఆరు నెలలకు పైగా రాయలేదు. కోపంతోనే రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కోపం తగ్గి కాదు, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక.

నేను అతిథిగృహం వదిలేసి ఊళ్ళో గది తీసుకున్నాను. కిరసనాయిలు స్టవ్వు మీద వండుకుంటున్నాను. నువ్వు చెప్పావని కాదు, మీసం మీద చేయి వేయకు. ఈ ఊళ్ళో పోలమ్మ అని ఒకామె ఉంది. సముద్రపు పోటు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురద మేటల మీద పీతలు, గుల్లలు ఏరి అమ్ముకుని బతుకుతుంది. ఏ నెలలో ఏది దొరుకుతుందని అడిగితే నా మొహం కూడా చూడలేదు. "కంపెనీ కంచంలో తినేదానివి. మేవేం చెప్పినా ఆళ్ళు రాయమన్నదే రాత్తావు" అంది. ఆ మాట పడ్డాక నాకు అక్కడ ముద్ద దిగలేదు.

గది మారాక పోలమ్మ మాట్లాడింది. ఇప్పుడు ఆమె పడవలోనే తిరుగుతున్నాను. విషయం ఇది. వానలు వెలిసిన నెలల్లో రొయ్య పిల్లలు, చేప పిల్లలు సముద్రం నుంచి మొగ గుండా లోపలికి వచ్చి, ఆ బురద మేటల దగ్గరే పెరుగుతాయి. కంపెనీ తవ్వబోయేది సరిగ్గా ఆ నెలల్లోనే. తీసిన బురద పోయబోయేది సరిగ్గా ఆ మేటల మీదే. పైగా దారి అంత లోతు చేస్తే సముద్రపు ఉప్పు ఇంకా పైకి ఎక్కి పోలమ్మ వాళ్ళ మంచినీళ్ళ బావులు చెడిపోతాయి. నేను ఇదంతా రాసిచ్చాను. ఏడాది నిండకముందే ఆఫీసులో తయారైన నివేదికలో మాత్రం "చెప్పుకోదగ్గ ప్రభావం లేదు" అని ఉంది. శ్రీకాంత్ గారు చెడ్డవాడు కాదు. "పురుగుల కోసం రేవు ఆగుతుందా ప్రసూనా, కాస్త పెద్దగా ఆలోచించు" అంటాడు. నేను దాని మీద సంతకం పెట్టలేదు.

నవంబరులో ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. జిల్లా అధికారులు, కంపెనీ వాళ్ళు, ఊళ్ళవాళ్ళు అందరూ ఉంటారు. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఇప్పుడున్న ప్లాను ప్రకారం తవ్వకూడదని నేను లేచి చెప్పబోతున్నాను. చెబితే ఈ ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే ఈ ఊరు ఉండదు. అమ్మకు చెప్పొద్దు.

రాగిపిండి పంపగలవా?

ప్రసూన


పామిడి
4 అక్టోబర్ 1999

ప్రసూనా,

రాగిపిండి, చెనిక్కాయ పొడి మీ అత్త మూట కట్టింది. ఎవరితో పంపేదని ఆలోచిస్తే, సభనాటికి నేనే తెస్తే పోతుందని తోచింది. రావొద్దని రాయకు, రాసినా అందలేదంటాను, సభ తారీఖు మాత్రం రాయి.

వద్దు అని చెప్పబోతున్నావని చదివి నాకు భయమేసింది. దాచుకోవడం దేనికి. మా పనిలో తవ్వు అని చెప్పడం సులువు. నీళ్ళు పడకపోతే జనం నేలను తిట్టుకుంటారు, రాతను తిట్టుకుంటారు. వద్దు అన్నాక పక్కవాడు తవ్వి నీళ్ళు పడితే మాత్రం నిన్నే తిడతారు. నేను జన్మలో ఒక్కసారే వద్దన్నాను, విడపనకల్లులో నారాయణప్ప చేలో. వాడు ఇంకొకణ్ణి పిలిచి అక్కడే తవ్వించాడు. నీళ్ళు తన్నుకొచ్చాయి. ఏడాది పాటు నేను బస్సెక్కితే జనం నవ్వారు. నేను ఏం చేశానో తెలుసా? ఆ చేనికి పోయి, అందరి ముందూ ఆ నీళ్ళు తాగి, "నా మాట తప్పింది నారాయణప్పా, నీళ్ళు బాగుండాయి" అని చెప్పి వచ్చాను. మర్నాటి నుంచి మళ్ళీ పిలుపులు వచ్చాయి.

కాబట్టి నీ మాట తప్పితే ఏమవుతుందో అని కాదు. తప్పినా నిలబడగలవా అని చూసుకో. నువ్వు నిలబడతావు, నాకు తెలుసు. చిన్నప్పుడు గుమ్మఘట్ట పెళ్ళిలో నాకు తక్కువ వడ్డించినారని విస్తరి ముందు నుంచి లేచిన దానివి.

నువ్వు మాట చెప్పే చోట మనవాళ్ళు ఒకరైనా ఉండాలి.

కుళ్ళాయప్ప


చింతలరేవు
26 నవంబర్ 1999

మామా,

నువ్వు ఇక్కడ చేసిపోయిన ఘనకార్యం వరుసగా రాస్తాను, కూర్చుని చదువుకో.

సభకు ముందు రోజు తలపాగా, మూటలతో దిగావు. పోలమ్మ నీకోసం పులస లేదని బాధపడి, ఉన్నంతలో మంచి పీతలు తెచ్చి కూర వండింది. నువ్వు ఆమె వాకిట్లో కూర్చుని, "వద్దుమ్మా, నాకు మూట ఉండాది" అని జొన్నరొట్టె విప్పుకున్నావు. మంచినీళ్ళు కూడా నీ సీసాలోవే తాగావు. ఎందుకో చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని నీకు తోచనే లేదు. "మేవేం తక్కువోళ్ళవా, మా చేతి నీళ్ళు ముట్టుకోడేంటి మీ మావ?" అని పోలమ్మ నా మీద విరుచుకుపడింది. కులం చూసి తినలేదని ఊరంతా పాకింది. తెల్లారేసరికి నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నెలల తరబడి పడవ వేసుకుని తిరిగి సంపాదించుకున్న నమ్మకం ఒక్క పూటలో పోయింది. నీకు చెబుదామంటే నువ్వు హాయిగా బడి అరుగు మీద పడుకున్నావు.

సభలో కంపెనీ వాళ్ళు బిర్యానీ పొట్లాలు పంచారు. అదీ తీసుకోలేదు నువ్వు. నా పేరు పిలిచేసరికి పోలమ్మ లేచింది. "ఆ పిల్ల మాట తర్వాత. ముందు ఆళ్ళ మావ మా ఇంట్లో ఎందుకు తినలేదో చెప్పమనండి" అంది. నేను కాగితాలు పట్టుకుని సగం లేచి ఆగిపోయాను. నువ్వు మాత్రం ఎన్నికల సభలో లాగా నడిచి వెళ్ళి మైకు పట్టుకున్నావు.

"తల్లీ, నేను పొట్లం గూడా తీసుకోలేదు, చూసినావు కదా. మా ఇంట్లో చోటు చూసేవాళ్ళం మేము. తవ్వు అంటే ఆ కంపెనీకి లాభం. వద్దు అంటే నీకు లాభం. నా కోడలు ఏమి చెప్పినా ఎవరో ఒకరు బాగుపడతారు. ఆ ఇద్దరి ఇంట్లోనూ మాట తేలేదాకా మేము తినం. నీ కూర వాసన నన్ను చంపింది, అది వేరే సంగతి" అన్నావు.

మామా, షామియానా అంతా నవ్వింది. పోలమ్మ కూర్చుంది. తర్వాత నేను మాట్లాడాను. చెప్పులు విడిచే మాట్లాడాను, గమనించావో లేదో. అధికారులను చూసి కాదు, ముందు వరసలో ఉన్న కంపెనీ పెద్దాయన మొహం చూసి చెప్పాను. ఏ నెలల్లో వద్దో, ఎక్కడ పోయకూడదో, ఎంత లోతు దాటకూడదో చెప్పాను.

చెప్పి వెనక్కి తిరిగితే నీ కుర్చీ ఖాళీ. బస్టాండుకు మనిషిని పంపితే అప్పటికే బస్సెక్కి వెళ్ళిపోయావన్నారు. నా మాట నీకు నచ్చలేదా? సరిగ్గా చెప్పలేదా? అంత దూరం వచ్చి ఒక్క మాటా అనకుండా పోతావా? ఆ రోజు నాకు కావాల్సింది నువ్వు ఒక్కడివే.

ప్రసూన


పామిడి
7 డిసెంబర్ 1999

నా తల్లి ప్రసూనకు,

ముందు పోలమ్మ సంగతి. మా పక్క చోటు చూసేవాడు తినకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, తింటేనే అనుకుంటారు. అన్ని ఊళ్ళలోనూ అంతేననుకున్నాను. ఆ తల్లి మనసు కష్టపడిందని నాకు సభలో లేచేదాకా తెలియదు. ఆమెకు నా తరఫున దండం పెట్టు.

ఇక నేను ఎందుకు వెళ్ళిపోయానో చెబుతాను. ఎవరికీ చదివి వినిపించకు.

నువ్వు మైకు ముందుకు పోయి చెప్పులు విడిచావు. గమనించలేదా అని అడుగుతావా? నేను చూసింది అదొక్కటే. తర్వాత నువ్వు చెప్పిన ఉప్పూ పురుగులూ నాకు సగం అర్థం కాలేదు. మా నాయన చేలో నిలబడ్డట్టు నిలబడ్డావు. అంత పెద్ద కంపెనీ ఆసామి తల దించుకుని వింటుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆగలేదు. తలపాగా చుట్టుకున్న మనిషి జిల్లా అధికారుల ముందు ఏడిస్తే, మేనమామను ఏడిపించి గెలిచిందంటారు నిన్ను. అందుకని లేచి వచ్చేశాను. రైలు గుంటూరు దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. పక్కనున్నాయన ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదప్పా, మా ఇంటికి ఒకరొచ్చినారు అని చెప్పాను.

ఉద్యోగం పోతే పోనీ. వచ్చేయి, మీ అత్త బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తుంది.

గర్వం ఛాతీలో పట్టని
మీ మామ


కాకినాడ
18 జులై 2000

మామా,

మాట తేలింది. రేవుకు అనుమతి వచ్చింది, షరతులతో. నేను చెప్పిన నెలల్లో తవ్వకూడదు. బురద మేటల మీద పోయకూడదు, సముద్రంలో దూరంగా తీసుకెళ్ళి పోయాలి. లోతు విషయంలో మాత్రం నా మాట వినలేదు, వాళ్ళడిగినంతా ఇచ్చారు. బావుల్లో నీళ్ళు ప్రతి ఏడూ పరీక్షించాలని రాశారు. అది గెలుపో ఓటమో నాకు తెలియదు. "మేట మిగిలింది కదే పిల్లా, బావి సంగతి మేం సూసుకుంటాం" అంది పోలమ్మ.

మా సంస్థ నన్ను కొనసాగించలేదు. ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. శ్రీకాంత్ గారు ఒకసారి వచ్చి, నీ భాగం ఒక్కటే అధికారులు పూర్తిగా చదివారు అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట చెప్పడానికే వచ్చాడనుకుంటాను.

దసరా సెలవుల్లో వస్తాను. ఓళిగల మాట మరచిపోలేదు.

ప్రసూన


పామిడి
6 ఆగస్టు 2000

కోడలు ప్రసూనకు కుళ్ళాయప్ప,

దసరాకు రా గానీ, ఓళిగలు లేవు. ఎందుకో విను.

మన పెన్నలో ఇసుక తవ్వి బెంగళూరుకు తోలడానికి ఒక గుత్తేదారు దిగబోతున్నాడు. ఏటి ఒడ్డు రైతులు, మా బావులు ఎండిపోతాయని అడ్డం పడ్డారు. గుత్తేదారు, తవ్వితే ఏమీ కాదంటాడు. ఎమ్మార్వో విసిగిపోయి, తెలిసినవాళ్ళతో పరిశీలన చేయించండి, దాన్ని బట్టి చూద్దాం అన్నాడు. రచ్చబండ కాడ అందరూ నా మొహం చూశారు. టెంకాయతో తేలేది కాదిది అని చెప్పాను. ఆ మాట నా నోటితో నేనే చెప్పాను, నువ్వు సంతోషపడు. నీ పేరు చెప్పాను. కదిరప్పే మొదట చెయ్యెత్తాడు. "సముద్రం కాడ నిలబడి చెప్పిన పిల్ల, ఏటికాడ చెప్పదా?" అన్నాడు.

అయితే ఒక చిక్కు ఉంది. మన ఆంజి ట్రాక్టరు కొన్నాడు. ఇసుక తోలకానికి ఆ గుత్తేదారుతోనే మాట్లాడుకున్నాడు. అంటే నేనూ ఒక పక్షమే. అందుకని నువ్వు వచ్చినప్పుడు మన ఇంట్లో చేయి కడగకూడదు. మీ అమ్మ హనుమక్క ఇంట్లోనూ వద్దు, తన తమ్ముడి కొడుక్కు నీ చేత మేలు చేయించిందంటారు. బడి పంతులమ్మ కృపాకుమారి ఇంట్లో గది మాట్లాడాను, ఆమెకు ఏటి ఒడ్డున చేనూ లేదు, ట్రాక్టరూ లేదు. నీ స్టవ్వు తెచ్చుకో.

మీ అత్త ఈ మాట విని నాతో మాట్లాడడం మానేసింది. "కడుపున పుట్టినట్టు సాకిన పిల్ల వాకిట్లోకొస్తే ముద్ద పెట్టగూడదంట. ఇదేం మనిషమ్మా" అని ఇరుగుపొరుగుకు చెబుతోంది. ఆంజి మొహం వేలాడేసుకుని, "వద్దంటే నా ట్రాక్టరు గతేమి నాయనా?" అన్నాడు. "వద్దంటే వద్దే" అన్నాను.

ఏమి చూస్తావో, ఏమి కొలుస్తావో నీ ఇష్టం, ఎన్నాళ్ళైనా కానీ. తేల్చాక ఏటి ఇసుకలో నిలబడి, నా మొహం చూసి చెప్పు. పుట్టినప్పటి నుంచి మన ఇంట్లోవాళ్ళం చెప్పేవాళ్ళ చోటనే నిలబడ్డాం. వినేవాళ్ళ చోట నిలబడడం నాకు ఇదే మొదలు. ఎట్లా నిలబడాలో కొంచెం భయంగానే ఉంది.

ఏ బస్సుకు వస్తావో రాయి.

కుళ్ళాయప్ప